మోటారుబండి చక్రపు బేరింగు: అరుగుదలను కనిపెట్టుట, మార్చుట

క్రొత్తగా మోటారుకారును కొనువారు దాని రంగును జూతురు. ఆసనముల మెత్తదనమును పరీక్షింతురు. లీటరు పెట్రోలున కెన్ని కిలోమీటర్లు నడచునని యడుగుదురు. చక్రము దేనిపై తిరుగుచున్నదని యడుగువారు మిక్కిలి అరుదు. అందుకు కారణము లేకపోలేదు. ఆ వస్తువు బయటికి కనబడదు. అరచేతిలో నిముడునంతటి ఉక్కు కడియమది. అయినను నిండుగ జనులు కూర్చున్న బండి బరువంతయు నాలుగు చక్రముల నడుమ నుండు అట్టి కడియములమీదనే నిలిచి పరుగెత్తుచున్నది. దానినే బేరింగందురు. అది పూర్తిగా చెడుటకు చాల ముందుగనే తన బాధను శబ్దరూపమున తెలుపుట కారంభించును. ఆ శబ్దమును గుర్తించు విధమును, చెడినదానిని దీసి మంచిదానిని బెట్టు విధమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును బోధపడునట్లు చెప్పుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

మన ఇబ్రహీంపట్నము హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు బోవు రహదారిమీద, నగరమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్నది. బొంగులూరువద్ద 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి యీ బాటను కలిసికొనును. ఉద్యోగమునకై నగరమునకు బోవువారు, శేరిగూడ కళాశాలలకు వచ్చువారు, యాచారము, మాల్ వైపు గ్రామములనుండి సంతకు వచ్చువారు, వ్యానులలో బడికి వచ్చు చిన్నపిల్లలు, అందఱును ప్రతిదినము ఈ దారినే నడచుచున్నారు. వలయ రహదారిమీద వేగముగా పరుగెత్తిన కారే సాయంకాలమునకు గుంతలుపడిన గ్రామపు బాటలో దిగును. వానకాలమున మోకాలిలోతు నీటిని దాటును. వేగము, దెబ్బ, నీరు అను మూడిటిని నొకే బేరింగు ఓర్చుకొనవలసి యున్నది. కావున దీని సంగతి మన ప్రాంతమువారు తప్పక తెలిసికొనదగినది.

చక్రమున్నచోట రాపిడి యుండును. మన పెద్దల కాలపు ఎద్దుబండిలో ఇరుసు కదలకుండును. చక్రనాభి దానిచుట్టు తిరుగును. ఇనుముపై ఇనుము జారుచుండును గనుక బండివాడు కడచీల నూడదీసి, చక్రమును కొంచెము బయటికి లాగి, ఇరుసునకు కందెన వేయుచుండెను. కందెన యెండిపోయిన బండి కీచుమని యరచునది; ఎద్దులకు శ్రమ హెచ్చునది. ఎద్దు నడకకు ఆ యేర్పాటు సరిపోయినది. కాని మోటారు వేగమునకు సరిపడదు. ఒక చిన్న లెక్క వేసి చూడుడు. సామాన్యమైన కారు చక్రపు చుట్టుకొలత సుమారు 1.8 మీటర్లు. అనగా కిలోమీటరు దూరములో చక్రము దాదాపు 555 మార్లు తిరుగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బోవునప్పుడు ఒక్క నిమిషములోనే అన్ని మార్లు తిరుగునన్నమాట. ఇక్కడినుండి హైదరాబాదు చేరునప్పటికి పదునాఱు వేలకు పైగా చుట్లు పూర్తియగును. లోహముపై లోహము జారుచు ఇన్ని చుట్లు తిరిగిన యెడల ఆ వేడికి ఇరుసు నిలువజాలదు.

జారుటకు మాఱుగా దొరలించిన యెడల రాపిడి బహు స్వల్పమగును. పెద్ద బండరాతిని దుంగలమీద దొరలించి తెచ్చు కూలివానికి ఈ సత్యము తెలిసినదే. దీనిని బండి యిరుసునకు అన్వయించి, వేల్సు దేశమునందలి కార్మార్థెన్ పట్టణవాసి ఫిలిప్ వాన్ 1794లో గుండ్లుగల బేరింగునకు హక్కుపత్రము పొందెను. 1898లో అమెరికాలో బగ్గీలు చేయించు వృత్తిలోనున్న హెన్రీ టింకెన్ అను నాతడు ఒకవైపు సన్నగిలిన రోలర్లతో బేరింగును సిద్ధపఱచి హక్కు పొందెను. స్వీడను దేశమున నొక నేతమిల్లులో పనిచేయుచుండిన స్వెన్ వింగ్‌క్విస్టు యంత్రముల బేరింగులు మాటిమాటికి చెడుట చూచి, 1907లో తనంతట తాను సర్దుకొను బేరింగును కనుగొనెను. మన హైదరాబాదు రాజ్యమున నిజాము రాష్ట్ర రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించునప్పటికి బేరింగు యుగము చక్కగా స్థిరపడి యుండెను. నేడు సైకిలునుండి విమానమువఱకు బేరింగు లేని చక్రము లేదు.

బేరింగును కోసి చూచిన యెడల దానియందు నాలుగు ముఖ్యభాగములు కనబడును. మొదటిది లోపలి వలయము. రెండవది వెలుపలి వలయము. మూడవది ఆ రెండిటి నడుమనున్న గాడిలో దొరలు గుండ్లు లేక రోలర్లు. నాలుగవది ఆ గుండ్లు ఒకదానినొకటి తాకకుండ ఎడమెడముగా నుంచు పంజరము. వీనిమధ్య గ్రీసుండును. ఇరుప్రక్కల రబ్బరు మూత యుండి గ్రీసును లోపలను, దుమ్మును నీటిని వెలుపలను నిలుపును. గుండ్లును వలయములును క్రోమియము కలిపిన గట్టి ఉక్కుతో చేయబడును. వాని పైభాగము అద్దమువలె నునుపుగా నుండవలెను. ఆ నునుపే బేరింగునకు ప్రాణము.

అట్టి గట్టి ఉక్కు ఏల అరుగును? కారణములు ప్రధానముగా నాలుగు గలవు.

మొదటిది అలసట. గుండు తన మీది బరువును మిక్కిలి చిన్న స్థలముపై మోపును. ఒక్కొక్క చుట్టునందు ఆ స్థలము నొక్కబడి విడువబడుచుండును. లక్ష కిలోమీటర్లకు ఇట్టి చుట్లు అయిదుకోట్లకు పైబడును. కడకు ఉక్కు పైపొరకు కొంచెము లోతున సన్నని బీటలు పుట్టి, అవి పైకి ప్రాకి, పొలుసులు పొలుసులుగా ఊడిపోవును.

రెండవది అధిక భారము. స్వీడనునందలి లుండ్‌బెర్గ్, పాల్మ్‌గ్రెన్ అను నిరువురు 1947లో బేరింగు ఆయుర్దాయమునకు ప్రసిద్ధమైన సూత్రమును ప్రకటించిరి. దాని ప్రకారము గుండ్ల బేరింగుపై బరువు రెట్టింపయిన యెడల ఆయుర్దాయము సగము కాదు, ఎనిమిదవ వంతగును. నాలుగవ వంతు బరువు హెచ్చినను ఆయుర్దాయము రమారమి సగమునకు దిగును. 1.25ను మూడుమార్లు గుణించి చూచిన విద్యార్థికి ఈ సంగతి స్వయముగా తెలియగలదు. అయిదుగురి బండిలో తొమ్మిదిమందిని ఎక్కించువారును, డిక్కీలో ధాన్యపు బస్తాలు వేయువారును ఈ లెక్కను జ్ఞాపకముంచుకొనవలెను.

మూడవది దెబ్బ. వేగముగా పోవు బండి గుంతలో పడినప్పుడు గుండు గాడిలో చిన్న నొక్కును చేయును. అటుపిమ్మట ప్రతి గుండును ఆ నొక్కును దాటునప్పుడు టక్కుమని కొట్టును; నొక్కు నానాటికి పెద్దదగును. నాల్గవది నీరు. వేడెక్కిన చక్రము వాననీటిలో మునిగినప్పుడు లోపలి గాలి చల్లబడి కుదించుకొనును; పాతబడిన మూతగుండ నీటిని లోపలికి పీల్చుకొనును. నీటితో కలిసిన గ్రీసు పాలవలె తెల్లబడి తన గుణమును కోల్పోవును. ఉక్కునకు త్రుప్పు పట్టును. చెఱువు అలుగు పాఱుచోటనో, వాగుమీదనో బండిని నీటిలో నడిపినవారు కొన్ని నెలల తరువాత శబ్దము వినుటకు ఇదియే కారణము.

ఇక గుర్తించు విధానము. అరిగిన బేరింగు గుర్రుమను నొక యెడతెగని మ్రోతను పుట్టించును. గంటకు 40, 50 కిలోమీటర్ల వేగమున నది మెల్లగ వినవచ్చి, వేగముతోపాటు హెచ్చును. క్లచ్చి నొక్కి ఇంజనును చక్రములనుండి విడదీసినను మాఱదు. ఏలయన అది ఇంజను వేగమును గాక చక్రపు వేగము ననుసరించి పుట్టునది. కిటికీ అద్దములు దించి, రేడియో నాపి, ఒక గోడ ప్రక్కగా పోయిన యెడల నింకను స్పష్టముగా వినబడును.

ఏ చక్రమున నున్నదో తెలిసికొనుటకు మలుపు సహాయపడును. బండి కుడివైపునకు తిరుగునపుడు బరువు ఎడమ చక్రములపైకి ఒరుగును. కుడికి తిరిగినపుడు మ్రోత హెచ్చి, ఎడమకు తిరిగినపుడు తగ్గిన యెడల ఎడమ చక్రమును అనుమానింపవలెను. ఎడమకు తిరిగినపుడు హెచ్చిన యెడల కుడి చక్రమును అనుమానింపవలెను. ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు. తీర్పు చేతి పరీక్షవలన కావలెను.

అంతకుముందు ఇతర శబ్దములను వేఱుపఱచుట యవసరము. టైరు అలలు అలలుగా నరిగిన యెడల అదియు నిట్లే మ్రోగును. కాని రోడ్డు నున్నబడినచోట ఆ మ్రోత మాఱును. ముందు ఎనుక టైర్లను ఒకదానికొకటి మార్చి చూచిన యెడల శబ్దము కూడ స్థానము మార్చుకొనును. స్టీరింగును పూర్తిగా త్రిప్పి మెల్లగా పోవునపుడు టకటకమను శబ్దము వచ్చిన యెడల అది డ్రైవ్ షాఫ్టు కీలుయొక్క దోషము. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే కీచుమన్న యెడల బ్రేకు ప్యాడ్లను చూడవలెను. ఈ భేదమెఱుగక బేరింగు మార్పించి, శబ్దము పోలేదని విచారించువారు గలరు.

చేతి పరీక్ష యిట్లు చేయుదురు. సమతలముగానున్న చోట బండినిలిపి, నేలను తాకియుండు చక్రములకు ముందువెనుకల రాళ్ళుగాని చెక్కలుగాని అడ్డుపెట్టి, పరీక్షింపదలచిన చక్రమును జాకీతో నెత్తి, బండిక్రింద గట్టి స్టాండు నిలుపవలెను. జాకీనొక్కదానిని నమ్మి బండిక్రిందికి పోరాదు. పిల్లలు పెద్దల యెదుట లేనిది ఈ పనికి పూనుకొనరాదని మా గట్టి మాట. తరువాత చక్రమును పైనను క్రిందను రెండుచేతుల పట్టుకొని లోనికి వెలుపలికి ఊపవలెను. పిమ్మట కుడియెడమల పట్టుకొని ఊపవలెను. రెండు విధములను కదలిక యున్న యెడల బేరింగు వదులైనదనుకొనవచ్చును. కుడియెడమలనే కదలిన యెడల స్టీరింగు కడ్డీ కీలు వదులై యుండవచ్చును. పైక్రిందుల కదలునప్పుడు మఱియొకనిచేత బ్రేకు నొక్కించి చూడవలెను. అపుడు కదలిక పోయిన యెడల దోషము బేరింగునందే యున్నది. పోనియెడల క్రింది కీళ్ళను చూడవలెను.

తరువాత ఒకచేతిని చక్రము వెనుకనున్న స్ప్రింగుపై నుంచి, రెండవచేతితో చక్రమును త్రిప్పవలెను. మంచి బేరింగు నిశ్శబ్దముగా తిరుగును. చెడినది తిరుగలిలో ఇసుక పడినట్లు గరగరలాడును. ఆ గరగర స్ప్రింగుగుండ చేతికి తెలియును. ఒక సంగతి మఱువరాదు. నేటి మూతగల బేరింగులు గట్టిగా మ్రోగుచున్నను కొంతకాలము ఏమాత్రము కదలిక చూపవు. కదలిక లేదని చెప్పి శబ్దమును నిర్లక్ష్యము చేయరాదు.

నిర్లక్ష్యము చేసిన ఏమగును? గరుకైన గుండ్లు వేడిని పుట్టించును, గ్రీసు కరిగి కారిపోవును, పంజరము విఱుగును, గుండ్లు ఒకచోట గుమిగూడును. చక్రము ఒరగి ఊగును. బ్రేకు పట్టు తప్పును. టైరు ఒకవైపు అరుగును. కడపట చక్రము బిగిసికొనిపోవచ్చును; కొన్ని నిర్మాణములలో ఊడియే పోవచ్చును. ఇది వలయ రహదారిమీది వేగములో జరిగిన యెడల లోపల కూర్చున్నవారి గతి యేమో యెవరును చెప్పనక్కఱలేదు. ఇంత అపాయమునకును ముందు అనేక దినములపాటు, తఱచుగా వారములపాటు హెచ్చరిక వినబడుచునే యుండును. వినియు వచ్చే నెల చూతమనుకొనుటలోనే ప్రమాదమున్నది.

మార్చు విధానము చక్రపు నిర్మాణమునుబట్టి యుండును. ముఖ్యముగా మూడు తెఱగులు గలవు.

మొదటిది ట్రాక్టరు ముందు చక్రములలోను, లారీలలోను, పాత కార్లలోను కనబడు సన్నగిలిన రోలర్ల జత. దీనిని విప్పి కడిగి మరల బిగింపవచ్చును. కిరసనాయిలుతో కడిగి, బట్టతో తుడిచి, వెలుతురులో పరీక్షింపవలెను. రోలర్లపై నీలి మచ్చలుగాని, గుంటలుగాని, పొలుసులుగాని కనబడిన యెడల లోపలిదానిని, హబ్బులోని వెలుపలి వలయమును రెండిటిని కలిపి మార్చవలెను; ఒకటి క్రొత్తది, ఒకటి పాతది చేయరాదు. కంప్రెసరు గాలితో బేరింగును గిరగిర త్రిప్పుట వినోదముగా కనబడును గాని, అది చెదరి కండ్లకు తగులవచ్చును. గ్రీసును అరచేతిలో నుంచుకొని, రోలర్ల నడుమ నుండి రెండవవైపు వెలికివచ్చువఱకు అదిమి నింపవలెను. పిమ్మట చక్రమును త్రిప్పుచు నట్టును బిగించి, మరల వదులుచేసి, పుస్తకమున చెప్పినంతకే తెచ్చి, క్రొత్త స్ప్లిట్ పిన్ను వేయవలెను. ఎక్కువ బిగించిన యెడల వేడెక్కి చెడును. తక్కువైన యెడల ఊగి చెడును.

రెండవది మన చిన్న కార్లు అనేకములలో ముందు చక్రమునకు గలది. దీనియందు బేరింగు, మెకానిక్కులు నకిల్ అని పిలుచు ఉక్కు భాగములో ప్రెస్సుతో నెక్కింపబడి యుండును. ముందు బండి నేలమీద నుండగనే నడిమి పెద్ద నట్టును వదులుచేయుదురు. చక్రమును తీసి, బ్రేకు క్యాలిపరును విప్పి, తీగతో పైకి కట్టుదురు. గొట్టముమీద దాని బరువు పడనీయరాదు. డిస్కును, చక్రపు వేగమును కొలుచు సెన్సారును తీసి, కీళ్ళను విప్పి, నకిలును బయటికి తెత్తురు. ప్రెస్సుతో హబ్బును వెలికి నెట్టునపుడు పాత బేరింగు లోపలి వలయము తఱచుగా హబ్బునకే అంటుకొని వచ్చును. దానిని పుల్లరుతో లాగవలెను. తరువాత సర్‌క్లిప్పును తీసి, పాత బేరింగును నెట్టివేసి, అది కూర్చుండు స్థలమును శుభ్రముగా తుడిచి, గీతలుగాని త్రుప్పుగాని యున్నవేమో చూడవలెను.

ఇచ్చటనే పనివాని బుద్ధి తెలియును. క్రొత్త బేరింగును ఎక్కించునపుడు ఏ వలయము బిగువుగా కూర్చుండవలెనో ఆ వలయముమీదనే బలమును ప్రయోగింపవలెను. నకిలులోనికి నెట్టునపుడు వెలుపలి వలయమును మాత్రమే నొక్కవలెను. హబ్బును లోనికి నెట్టునపుడు లోపలి వలయమునకు వెనుకనుండి ఆధారమీయవలెను. ఇట్లు చేయక ఒక వలయముమీద కొట్టి మఱియొక వలయమును కూర్చుండబెట్టిన యెడల ఆ బలమంతయు గుండ్లగుండ పోవును. అద్దమువంటి గాడిలో గుండ్ల గుర్తులు పడును. అట్టి బేరింగు పెట్టెనుండి తీసిన దినముననే చెడిపోయినదన్నమాట. సుత్తితో కొట్టి ఎక్కించిన బేరింగు కొద్దివారములలో మరల మ్రోగుటకు ఇదియే హేతువు. యజమాని సరకును నిందించును; దోషము సరకునందుండదు.

మూడవది హబ్బును బేరింగును ఒక్కటిగా చేసి బోల్టులతో బిగించు నూతన నిర్మాణము. దీనికి ప్రెస్సు అక్కఱలేదు, మొత్తమును మార్చుదురు. ఇందును, పైదానియందును చక్రపు వేగమును తెలుపు అయస్కాంతపు వలయము మూతలోనే ఇమిడి యుండవచ్చును. అది సెన్సారు వైపునకే యుండవలెను. ఇనుప ముక్కలను అంటనీయరాదు. తిరుగవేసి బిగించిన యెడల ఏ.బీ.యస్. దీపము వెలిగి, బ్రేకు సహాయము నిలిచిపోవును.

అన్నిటికిని సామాన్యమైన నియమములు కొన్ని గలవు. నడిమి నట్టు ఒకమారు వాడినదైన యెడల క్రొత్తదానిని వేయుట మంచిది. దానిని టార్క్ రెంచితో, ఆ బండి పుస్తకమున వ్రాసిన లెక్కకు బిగింపవలెను. చేతి అంచనా పనికిరాదు. ఆ నట్టు తగినంత బిగియక మునుపు బండి బరువును చక్రముమీద మోపరాదు. మోపిన యెడల బేరింగు రెండు సగములు ఎడమై చెడును. చక్రపు నట్లను ఎదురెదురుగా బిగించి, సుమారు వంద కిలోమీటర్లు నడచిన తరువాత మరల చూడవలెను. నకిలును విప్పినందున చక్రముల అలైన్‌మెంటును సరిచూపించుకొనవలెను. బేరింగును నమ్మకమైన దుకాణమున రసీదుతో కొనవలెను. పేరొందిన కంపెనీల పెట్టెలను పోలిన నకిలీలు బజారులో లేకపోలేదు.

తలిదండ్రులకు మా మనవి యొకటి. పిల్లలను బడికి తెచ్చు వ్యానులో ఒకనాడు మీరును కూర్చుండి రండు. క్రిందినుండి గుర్రుమను మ్రోత వినబడిన యెడల డ్రైవరును మర్యాదగా నడుగుడు. ఆయనకు నిత్యము వినుటచేత ఆ శబ్దము అలవాటై యుండవచ్చును. క్రొత్తగా వినువారి చెవికే అది ముందుగా తెలియును. పాత కారును కొనుచున్నవారు ఇంజను నాపి చూచుటతో తృప్తినొందక, వేగముగా నడిపించి, రెండువైపుల త్రిప్పించి వినవలెను.

విద్యార్థులారా! మీరు పాఠములలో చదువు రాపిడి, బలము, వేగము అను మాటలు ఈ ఉక్కు కడియములో జీవించి యున్నవి. సాగరు రహదారి ప్రక్కన నూనె మరకల బట్టలతో ప్రెస్సువద్ద నిలిచి ఏ వలయమును నొక్కవలెనో చూచి నొక్కు మెకానిక్కు, ఘనసూత్రమును అక్షరములలో వ్రాయజాలకపోవచ్చును. కాని దాని సారమును చేతులతో నాచరించుచున్నాడు. సెలవులలో ఒకపూట ఆయన యొద్ద కూర్చుండి చూడుడు. పాత బేరింగునొకదానిని అడిగి తెచ్చుకొని, కడిగి, గుండ్లను లెక్కించి, గాడిలోని మచ్చలను కనుగొనుడు. ఆ మచ్చ యెట్లు పుట్టెనో మీరు చెప్పగలిగిన యెడల, మీ యింటి బండి మ్రోగిన దినమున ఏమి చేయవలెనో కూడ మీకు తెలిసియే యుండును.